సొరకాయ బుర్రతో మొదలైన చెల్లో

మా హాస్టల్ రూమ్‌లో మూడు మంచాలు, మూడు టేబుళ్లు, ఒక చెల్లో ఉన్నాయి. చెల్లో నాది. నాది అంటే అద్దెకి తెచ్చుకున్నది, నెలకి 1,800. తెలియనివాళ్లకి చెప్పాలంటే, చెల్లో వయొలిన్‌కి పెద్దన్న లాంటిది. భుజం మీద పెట్టుకోలేనంత పెద్దది కాబట్టి కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య ఆనించుకుని, కమాను అడ్డంగా లాగుతూ వాయించాలి. నాలుగు తీగలు. వీణకీ గిటార్‌కీ ఉన్నట్టు మెట్లు ఉండవు, వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తేమీ ఉండదు. కాస్త అటూ ఇటూ అయితే శ్రుతి పోతుంది. శ్రుతి పోయిన చెల్లో ఎలా ఉంటుందో మా ఫ్లోర్‌లో ఎవర్నైనా అడగండి. దానికి గేదె అని పేరు పెట్టారు. సాయంత్రం ఆరింటికి నేను తలుపు వేసుకోగానే పాలు పితికే టైమ్ అయిందని కారిడార్‌లో నవ్వులు.

ఆరు నెలలైంది. శనివారం క్లాసులో నా పక్కన కూర్చునేది నాలుగో క్లాసు చదివే పాప. నాకన్నా చాలా బాగా వాయిస్తుంది. ఇంట్లో ఈ సంగతి తెలీదు. నెలనెలా వెళ్లే 1,800 ఆన్‌లైన్ కోడింగ్ కోర్సుకని చెప్పాను. అద్దె అగ్రిమెంట్ నెలాఖరుకి అయిపోతోంది, మళ్లీ రాయించుకోవాలా, వద్దా? నిజం చెప్పాలంటే మానేయడానికి ఒక గౌరవంగా ఉండే కారణం వెతుక్కుంటున్నాను. అప్పుడు దొరికాడు పాబ్లో కసాల్స్.

ఇరవయ్యో శతాబ్దంలో చెల్లో అనగానే మొదట గుర్తొచ్చే పేరు అది. చనిపోయి యాభై ఏళ్లు దాటింది. ఆయన జీవితం చదవడానికి కూర్చున్నప్పుడు నా ఆశ ఒక్కటే. ఇలాంటివాళ్లందరూ పుట్టుకతోనే మేధావులై ఉంటారు, మనకీ వాళ్లకీ పోలికే ఉండదు, కాబట్టి హాయిగా మానేయొచ్చు.

సగం నిజమే. 1876 డిసెంబర్ 29న స్పెయిన్‌లోని కటలోనియాలో, ఎల్ వెండ్రెల్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వాళ్ల భాషలో పేరు పావ్. తండ్రి కార్లెస్ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, పాటల బృందాన్ని నడిపేవాడు. తల్లి పిలార్ పుట్టింది అట్లాంటిక్ అవతల ప్యూర్టో రికోలో. వాళ్లకి పదకొండు మంది పిల్లలు పుడితే చాలామంది చిన్నప్పుడే పోయారు. పావ్‌కి పాట, పియానో, వయొలిన్, ఆర్గన్ అన్నీ తండ్రే నేర్పాడు. అంటే సంగీతంలో అతను ఎప్పుడూ బిగినర్ కాదు, ఇంట్లో మనం తెలుగు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాడు. ఇక్కడిదాకా చదివి నేను సంతోషించాను.

తర్వాత సొరకాయ బుర్ర వచ్చింది.

ఒకసారి ఆ ఊరికి ఊరూరా తిరిగి వాయించే విదూషకుల బృందం వచ్చింది. వాళ్లు మామూలు సామాన్లనే వాద్యాలుగా మార్చుకుని వాయించేవాళ్లు. ఒకతను చీపురు కర్రకి తీగ కట్టి చెల్లోలా నిలబెట్టి వాయిస్తున్నాడు. కుర్రాడికి మతి పోయింది. ఇంటికొచ్చి తండ్రి దగ్గర అదే గోల. తండ్రి కొనిపెట్టలేడు. ఒక ఎండిన బుర్రకి కర్ర బిగించి, ఒక్క తీగ కట్టి ఇచ్చాడు. మన తంబూరకి బుర్ర ఎందుకుంటుందో అక్కడా అందుకే, తీగ చేసే చిన్న చప్పుడుని పెద్దది చేయడానికి. ఆ ఒంటి తీగ మీదే పిల్లాడు తనకి తెలిసిన పాటలు వెతుక్కుంటూ వాయించాడు. ఆ బుర్ర ఇంకా ఉంది. ఎల్ వెండ్రెల్ దగ్గర సముద్రపు ఒడ్డున సాన్ సాల్వడోర్‌లో ఆయన కట్టుకున్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం, అందులో పెట్టారు. ఫొటో చూశాను. మన పల్లెల్లో ఏక్‌తార పట్టుకుని తత్వాలు పాడేవాళ్ల చేతిలో పెట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు.

అసలు చెల్లో చూసింది పదకొండేళ్ల వయసులో, 1888లో. జోసెప్ గార్సియా అనే ఆయన ఇద్దరు వాద్యకారులతో కలిసి ఊళ్లో కచేరీ చేశాడు. అది విన్న రోజు నుంచి ఇంకే వాద్యం వద్దన్నాడు. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలైంది. తండ్రి అప్పటికే కొడుకుని వడ్రంగి దగ్గర పనికి పెడదామని అనుకుంటున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. సంగీతం ఎంత కూడు పెడుతుందో తన సంసారంలోనే చూస్తున్నాడు. కొడుక్కి చేతిలో ఒక పని ఉండాలని అనుకున్నాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సీఎస్ఈ తీసుకోమన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. కొడుకుని వెంటబెట్టుకుని బార్సిలోనా వెళ్లి, మున్సిపల్ మ్యూజిక్ స్కూల్లో అదే గార్సియా దగ్గర చేర్పించింది. ఈ విషయం మీద అమ్మానాన్నలు తన కళ్లముందే తగువులాడుకోవడం ఆ పిల్లాణ్ని చాలా కుంగదీసింది. పెద్దయ్యాక కూడా ఆ రోజుల్ని బాధగానే గుర్తుచేసుకున్నాడు.

బార్సిలోనా క్లాసు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నాకు బాగా పనికొచ్చింది ఇదే. అప్పట్లో చెల్లో నేర్చుకునేవాళ్లకి కుడి మోచెయ్యి ఒంటికి అతుక్కుని ఉండాలని రూలు. కమాను లాగుతున్నప్పుడు చెయ్యి పక్కకి పోకుండా చంకలో ఒక పుస్తకం పెట్టేవాళ్లు, అది కింద పడకుండా వాయించాలి. ఎడమ చెయ్యి కూడా అంతే బిగుసుకుని ఉండేది. వేళ్లు దగ్గరదగ్గరగా ఉంచి, అందని స్వరం కోసం చెయ్యి మొత్తాన్ని తీగ మీద పైకీ కిందకీ జరపాలి. జరిపిన ప్రతిసారీ మధ్యలో జారుడు శబ్దం. పావ్‌కి పన్నెండూ పదమూడూ ఏళ్లుంటాయి. ఇది మనిషి చెయ్యి కదిలే పద్ధతి కాదే అనిపించింది. ఇంట్లో ఒక్కడే ఉన్నప్పుడు మోచెయ్యి వదిలేసి, కమానుతో పాటు భుజాన్నీ కదలనిచ్చి వాయించాడు. ఎడమ చేతి వేళ్లని చాపి, చెయ్యి జరపకుండానే పక్క స్వరాన్ని అందుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు ప్రపంచంలో చెల్లో నేర్చుకునేవాళ్లందరూ దాదాపు ఇలాగే వాయిస్తారు. మా టీచర్ ప్రతి శనివారం నా మోచెయ్యి పట్టుకుని ఊపుతూ, వదులు వదులు అంటారు కదా, దాని వెనక ఈ కుర్రాడున్నాడన్నమాట.

మనమైతే ఏం చేస్తాం? పుస్తకం చంకలో పెట్టుకుని, అది పడిపోతే తప్పు మనదే అనుకుంటాం. ల్యాబ్‌లో రికార్డు కాపీ కొట్టేటప్పుడు నాకు ఈ పుస్తకమే గుర్తొస్తోంది, సరే అది వేరే గొడవ.

ఖర్చుల కోసం గ్రాసియా పేటలో కఫే టోస్ట్ అనే కాఫీ హోటల్లో వాయించేవాడు. జనం కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటుంటే వాళ్లకి నచ్చే తేలిక పాటలు. కొన్నాళ్లకి యజమానిని ఒప్పించి వారానికి ఒక రోజు శాస్త్రీయ సంగీతానికి కేటాయింపజేశాడు. దానికి కొత్త పాఠాలు కావాలి. తండ్రి ఊరి నుంచి చూడ్డానికి వచ్చిన ఒక రోజు, 1890లో, ఇద్దరూ రేవు దగ్గరున్న ఒక పాత సంగీత పుస్తకాల కొట్టుకి వెళ్లారు. వడ్రంగం అన్న తండ్రే ఆ రోజు అతనికి మొదటిసారి పూర్తి సైజు చెల్లో కొనిచ్చాడు. కొట్లో కాగితాల కట్టలు తిరగేస్తుంటే పాతబడి రంగు మారిన పుస్తకం ఒకటి చేతికి తగిలింది. ఒంటరి చెల్లో కోసం బాహ్ రాసిన ఆరు సూట్‌లు. సూట్ అంటే ఒక ప్రారంభం, తర్వాత వరసగా నాట్యాల లయలో సాగే భాగాలు. తోడుగా పియానో ఉండదు, ఇంకెవరూ ఉండరు. బాహ్ వాటిని సుమారు 1720 ప్రాంతంలో రాశాడు. 170 ఏళ్ల తర్వాత వాటిని చెల్లో వాళ్లు ఎక్కువగా చేతి కసరత్తులుగానే చూసేవాళ్లు. కచేరీలో ఒక సూట్ మొత్తం వాయించడం అనేది లేదు. అలాంటివి ఉన్నాయనే ఈ కుర్రాడికి ఆ రోజుదాకా తెలీదు.

ఆ కాగితాలు ఇంటికి తెచ్చుకుని వాయించడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్లు రోజూ వాయించాడు. అప్పటిదాకా ఒక్క సూట్ కూడా జనం ముందు వాయించలేదు. పాతికేళ్ల వయసులో మొదటిసారి ధైర్యం చేశాడు.

ఈ లెక్క దగ్గర నేను ఆగిపోయాను. మన బీటెక్ ఎనిమిది సెమిస్టర్లు. పన్నెండేళ్లంటే 24 సెమిస్టర్లు. ఈ మధ్యలో అతనేమీ దాక్కుని కూర్చోలేదు. వేరే ఎన్నో వాయించాడు, పేరు తెచ్చుకున్నాడు, మహారాణుల ముందు కూర్చున్నాడు. ఆ ఆరు సూట్‌లు మాత్రం తలుపు వేసుకున్నాకే. నేను ఆరు నెలలకే ఫ్రెషర్స్ డేలో వాయించలేకపోయానని ఏడ్చాను.

ఇక పేరు ఎలా వచ్చిందంటే, కఫేలో విన్నవాళ్లలో స్పెయిన్‌కి పెద్ద స్వరకర్త అల్బేనిజ్ ఒకడు. మాడ్రిడ్‌లో కౌంట్ మోర్ఫీ అనే ఆస్థాన పెద్దమనిషికి ఉత్తరం రాసిచ్చాడు. తల్లి కొడుకునీ చిన్నపిల్లల్నీ తీసుకుని మాడ్రిడ్ చేరింది. రాణి మరియా క్రిస్టినా స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1895లో వాళ్లని బెల్జియంలోని బ్రస్సెల్స్ సంగీత కళాశాలకి పంపారు. అక్కడ చెల్లో క్లాసులో జరిగింది మన ర్యాగింగ్‌కి తక్కువేం కాదు. ఫలానా కృతి వచ్చా అని ప్రొఫెసర్ ఒక్కో పేరే అడిగాడు. కుర్రాడు అన్నిటికీ వచ్చు అన్నాడు. స్పెయిన్ నుంచి సర్వజ్ఞుడు దిగాడని ఆయన ఎగతాళి చేస్తే క్లాసంతా నవ్వింది. తర్వాత సెర్వే రాసిన కష్టమైన కృతి ఒకటి వాయించమన్నారు. వాయించాడు. క్లాసు నిశ్శబ్దమైపోయింది. నా క్లాసులో చేరితే మొదటి బహుమతి నీదే అని అదే ప్రొఫెసర్ పక్కకి పిలిచి చెప్పాడు. కసాల్స్ వద్దన్నాడు. అందరి ముందు ఎగతాళి చేసిన చోట తను ఉండనన్నాడు. మర్నాడే పారిస్ రైలెక్కారు.

సినిమాలో అయితే ఇక్కడ ఈలలు పడతాయి. జీవితంలో స్కాలర్‌షిప్ ఆగిపోయింది, అది బ్రస్సెల్స్‌లో చదివితేనే ఇస్తామన్నది. పారిస్‌లో చలి, అద్దె గది, ఇద్దరు చిన్నపిల్లలు. తల్లి బట్టలు కుట్టింది. కసాల్స్ ఒక మ్యూజిక్ హాల్‌లో వాయించాడు. డబ్బు మిగలాలని చెల్లో మోసుకుంటూ నడిచే వెళ్లేవాడు, జబ్బుపడ్డాడు. ఒక రోజు తల్లి ఇంటికొస్తే ఆమె తల మీద పొడుగాటి నల్లటి జుట్టు లేదు. మందులకీ తిండికీ అమ్మేసింది. అడిగితే, జుట్టే కదా అని తేలిగ్గా తీసేసింది.

మా అమ్మ జాకెట్లు కుడుతుంది. నా కోడింగ్ కోర్సు డబ్బు అందులోంచే వస్తుంది. ఈ భాగం చదివాక రెండు రోజులు కేసు కూడా తెరవలేదు.

ఆ తర్వాతదంతా ఎక్కడైనా దొరుకుతుంది, త్వరగా చెప్పేస్తాను. బార్సిలోనాకి తిరిగొచ్చి, గార్సియా ఖాళీ చేసిన ఉద్యోగంలోనే పాఠాలు చెప్పాడు. 1899లో ఇంగ్లండ్‌లోని ఆస్బోర్న్ హౌస్‌లో విక్టోరియా మహారాణి ముందు వాయించాడు. అదే ఏడు పారిస్‌లో లామురో ఆర్కెస్ట్రాతో చేసిన కచేరీ తర్వాత ఇక వెనక్కి చూడలేదు. 1904లో అమెరికా వైట్ హౌస్‌లో వాయించాడు. మళ్లీ అక్కడే 1961లో కెనెడీ ముందు కూడా. రెండిటి మధ్య 57 ఏళ్లు.

నాకు పనికొచ్చినవి మాత్రం ఈ పెద్ద పెద్ద కచేరీలు కావు. బార్సిలోనాలో చేసిన మొదటి పెద్ద కచేరీకి వెళ్తూ దారిలో తండ్రితో కృతి మొదలు మర్చిపోయానని, ఒక్క స్వరం గుర్తులేదని చెప్పి వణికిపోయాడు. ఆ భయం ఆయనకి తొంభై ఏళ్లు దాటినా పోలేదు. వియన్నాలో మొదటిసారి వాయించినప్పుడు చేతులు బిగుసుకుపోయి, కమాను చేతిలోంచి జారి ప్రేక్షకుల్లో పడింది. వరస నుంచి వరసకి, ఎవరూ కిక్కురుమనకుండా దాన్ని తిరిగి చేతికందించారు. ఆ కాస్త టైమ్‌లో భయం దిగిపోయి బ్రహ్మాండంగా వాయించాడట.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది 1901 నాటి సంగతి. అమెరికా పర్యటనలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర టమాల్పైస్ కొండ ఎక్కి దిగుతుంటే పైనుంచి ఒక బండరాయి దొర్లి ఎడమ చేతి మీద పడింది. వేళ్లు నుజ్జయ్యాయి. ఆ క్షణంలో ఆయన మనసులోకి వచ్చిన మొదటి ఆలోచన, హమ్మయ్య, ఇంక చెల్లో వాయించక్కర్లేదు అని. ఇది ఆయన తనే తర్వాత ఒప్పుకున్న విషయం. కొన్ని నెలలకి చెయ్యి బాగైంది. మళ్లీ పొద్దున్నే కూర్చున్నాడు. అప్పటికి ఆయనకి 24 ఏళ్లు, సూట్‌లు మొదలుపెట్టి పదకొండేళ్లు. మానేయాలని నాకొక్కడికే అనిపిస్తుందనుకున్నాను. అంత ప్రేమించినవాడికి కూడా రాయి పడితే ముందు వచ్చింది ఉపశమనమే.

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం వచ్చింది. జూలైలో ఆయన తన సొంత డబ్బుతో నిలబెట్టిన ఆర్కెస్ట్రా బేతోవెన్ తొమ్మిదో సింఫనీ రిహార్సల్ చేస్తోంది. తిరుగుబాటు మొదలైంది, హాలు వదిలి వెళ్లిపొమ్మని కబురొచ్చింది. మళ్లీ కలుస్తామో లేదో, చివరిదాకా వాయించి వెళ్దామా అని అడిగాడు. వాయించి, పాడి, విడిపోయారు. ఆ నవంబర్‌లోనే, దాదాపు అరవై ఏళ్ల వయసులో, లండన్ అబ్బే రోడ్ స్టూడియోలో బాహ్ సూట్‌లు రికార్డు చేయడానికి కూర్చున్నాడు. మూడేళ్ల వ్యవధిలో, లండన్‌లో కొన్ని పారిస్‌లో కొన్ని, ఆరూ పూర్తయ్యాయి. పదమూడేళ్లప్పుడు దొరికిన కాగితాలు 62 ఏళ్లకి రికార్డులయ్యాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిది వినండి. వెనక బరబరమనే పాత రికార్డు చప్పుడు ఉంటుంది. తీగ మీద వేళ్లు కొట్టుకోవడం, కమాను గీసుకోవడం కూడా వినిపిస్తాయి. ఈ రోజుల్లో నున్నగా ఉండే రికార్డింగ్‌లు చాలా ఉన్నాయి. నాకు ఇదే నచ్చింది, మనిషి పనిచేస్తున్నట్టు తెలుస్తుంది.

యుద్ధంలో ఫ్రాంకో గెలిచాడు. కసాల్స్ సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో ప్రాద్ అనే చిన్న ఊళ్లో ఉండిపోయాడు. శరణార్థి శిబిరాల్లో ఉన్న తన వాళ్ల కోసం సాయం అడుగుతూ ఉత్తరాలు రాశాడు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కూడా మిగతా దేశాలు ఫ్రాంకోని కదపకపోవడంతో కచేరీలే మానేశాడు. ఒక వాద్యకారుడి దగ్గర నిరసనకి ఉన్నది మౌనమే అని నిర్ణయించుకున్నాడు. 1950లో బాహ్ పోయి 200 ఏళ్లయిన సందర్భంగా ప్రపంచం నలుమూలల నుంచీ సంగీతకారులే ఆ ఊరికి వచ్చి ఆయనతో వాయించారు. మానడమంటే ఇలా కూడా ఉంటుందని నాకు తెలీదు. నేను మానేస్తే మా ఫ్లోర్‌లో పండగ చేసుకుంటారు.

చివరి ఏళ్లు తల్లి పుట్టిన ప్యూర్టో రికోలో గడిపాడు. రోజూ పొద్దున్నే పియానో మీద బాహ్, తర్వాత చెల్లో. 1973 అక్టోబర్ 22న, 96 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఫ్రాంకో అప్పటికింకా బతికే ఉన్నాడు, అందుకే సొంత ఊరికి వచ్చింది 1979లో, అస్థికలుగా.

పోయిన బుధవారం అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. కోర్సు లేదు, పెద్ద వయొలిన్ లాంటిది ఒకటి ఉంది, ఆరు నెలలుగా డబ్బు దానికే కడుతున్నాను అని. వాయిద్యం గురించి ఏమీ అనలేదు. అబద్ధం ఎందుకు చెప్పావని మాత్రం అడిగి పెట్టేసింది. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. శుక్రవారం రాత్రి తనే చేసింది. ఏదీ, వాయించు అంది. స్పీకర్ ఆన్ చేసి, మోచెయ్యి వదిలి, అన్నిటికన్నా లావు తీగ మీద కమాను పొడుగునా ఒక్కసారి లాగాను. కారిడార్‌లో ఎవరో అంబా అన్నారు. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, కుట్టు మెషిన్‌కి నూనె వేయకపోతే అచ్చం ఇలాగే మూలుగుతుందంది. ఇంకో తీగ కూడా వాయించమంది. అద్దె ఏ తారీఖులోగా కట్టాలని అడిగింది.